నిన్నటి నీళ్ళు, రాత్రి లెన్సులు

పెళ్ళిపీటల మీద నేను కళ్ళద్దాలు తీయలేదు. ఫొటోగ్రాఫరు అడిగి అడిగి విసిగిపోయి, చివరికి మా మేనత్తతో అడిగించాడు. "కాసేపేనే తల్లీ, జీలకర్రా బెల్లం పెట్టేదాకా" అని బతిమాలిందావిడ. "తీస్తే పెళ్ళికొడుకు తల ఎక్కడుందో నాకు కనపడదత్తా, ఎవరి నెత్తిన పెట్టమంటావు?" అన్నాను. పురోహితుడు నవ్వాడు, పెళ్ళికొడుకూ నవ్వాడు. నవ్వనిది మా అత్తగారొక్కతే. ఆ ఫొటోలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. బాసికం కింద లావుపాటి అద్దాలు, అద్దాల నిండా లైట్లు, వాటి వెనక నేను హాయిగా వచ్చినవాళ్ళందరినీ చూస్తూ ఉంటాను.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇన్నేళ్ళ తర్వాత నా కూతురి కళ్ళకి రాత్రి లెన్సులు పెట్టించడానికి నేను తలకెత్తుకున్న యుద్ధం చూసి మావాళ్ళంతా ఒకటే మాట అన్నారు. నీ దాకా వస్తే అద్దాలు కిరీటం, కూతురి దాకా వచ్చేసరికి తీసిపారెయ్యాలా అని. ఆ మాటకి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. అందుకే ఒక్కసారి రాసి పడేద్దామని కూర్చున్నాను.

బళ్ళో నా పేరు సోడాబుడ్డి. మూడో తరగతిలో మొదలైన అద్దాలు ఏటా మందమవుతూ వచ్చాయి. చెప్పుల సైజు పెరిగినట్టు ఇదీ వయసుతో వచ్చేదే అనుకున్నారు మా ఇంట్లో. పెరిగినప్పుడల్లా మా నాన్న నన్ను గుడివాడ తీసుకెళ్ళి కొత్త అద్దాలు చేయించేవాడు, మా అమ్మ కళ్ళకి మంచిదని పొన్నగంటి కూర వండి పెట్టేది. వెక్కిరించినవాడి పలక పగలగొట్టి ఇంటికొచ్చిన రోజున కూడా మా అమ్మ నన్ను కొట్టలేదు. అద్దాలంటే నాకు సిగ్గు లేదు, ఎప్పుడూ లేదు. అద్దాలు పెట్టుకున్న ఆడపిల్లని చూసి పెదవి విరిచేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట.

నలభై దగ్గర పడుతుండగా ఒకరోజు క్లాసులో బోర్డు మీద నేను గీసిన గీత వంకరగా కనపడింది. నేను లెక్కల టీచర్ని, కొండపల్లి వైపు ఒక హైస్కూల్లో. భవానీపురంలో బస్సెక్కి రోజూ వెళ్ళొస్తాను. స్కేలు పెట్టి గీసిన గీత వంకర ఎలా పోతుందని చెరిపి మళ్ళీ గీశాను. మళ్ళీ వంకరే. కుడి కన్ను మూసి చూస్తే గీత మధ్యలో ముక్కే లేదు, అక్కడ బూడిదరంగు మరక ఉంది. పిల్లలు చూస్తున్నారని పాఠం పూర్తి చేసి, స్టాఫ్‌రూములో కూర్చుని ఒక కన్ను మూస్తూ, ఒకటి తెరుస్తూ చాలాసేపు గడిపాను. ఎదురు గోడ మీది క్యాలెండరులో దేవుడి మొహం ఎడమ కంటికి కనపడలేదు.

ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి డాక్టరు చెప్పిన సంగతి ఇది. హ్రస్వదృష్టి అంటే పవరు ఒక్కటే కాదు, కన్ను పొడుగు సాగడం. బెలూను ఊదిన కొద్దీ రబ్బరు పల్చబడ్డట్టు, కన్ను సాగిన కొద్దీ లోపలి పొర పల్చబడుతుంది. నా ఎడమ కంట్లో ఆ పొర చూపుకి నడిమధ్యనే చెడిపోయింది. "పోయింది రాదండీ, ఉన్నది కాపాడుకుందాం" అన్నాడాయన. కంట్లో ఇంజెక్షన్లు చేశారు. ఆఖరున, నేను లేచి తలుపు దాకా వెళ్ళాక, "మీకు పిల్లలున్నారా? వాళ్ళ కళ్ళు చూపించారా?" అని అడిగాడు.

నా కూతురికి అప్పటికే అద్దాలున్నాయి. ఇంటికొచ్చి దాని చీటీలూ నా చిన్నప్పటి సంగతులూ కలిపి చూసుకుంటే, అది అచ్చం నేను ఎక్కిన మెట్లే ఎక్కుతోంది. నేను ఎక్కడ తేలానో నాకు తెలుసు. ఆ రోజు నుంచి నాకున్న పని ఒకటే, ఆ పిల్ల కన్ను ఇంక సాగకుండా చూడటం. దాని మొహం మీది అద్దాలతో నాకు పేచీ లేదు. వాటి వెనక కన్ను నెలనెలా పొడుగవడంతోనే పేచీ. ఈ తేడా మా ఇంట్లో ఒక్కరికి కూడా ఎక్కలేదు.

పిల్లల కళ్ళు చూసే ఒక డాక్టరమ్మ ముందు చుక్కల మందు ఇచ్చింది. ఏడాది వేశాం. అయినా కన్ను సాగుతూనే ఉందని మిషను చెప్పింది. అప్పుడు ఆవిడ రాత్రి లెన్సుల సంగతి ఎత్తింది. ఆపరేషన్ కాదు, కోతా లేదు. పడుకునే ముందు చిన్న గట్టి లెన్సు కంట్లో పెట్టుకోవాలి. నిద్రపోయినంతసేపూ అది నల్లగుడ్డు మీది పొరని మెల్లగా అదిమి చదును చేస్తుంది. పొద్దున్నే తీసేస్తే పగలంతా అద్దాలు లేకుండా కనపడుతుంది. మానేస్తే కొన్నాళ్ళలో పొర మళ్ళీ తన రూపానికి వచ్చేస్తుంది. "పిల్లల్లో కన్ను సాగడం కూడా నెమ్మదిస్తుందమ్మా. పూర్తిగా ఆగుద్దని మాటివ్వను. శుభ్రత మాత్రం ప్రాణం. నీళ్ళు తగలకూడదు, కుళాయి నీళ్ళయినా, కాచిన నీళ్ళయినా" అంది. శుభ్రత కుదరనివాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిదని కూడా అంది.

నా కూతురప్పుడు ఆరో తరగతి. దానికి నా భాషలో చెప్పాను. "తలంటుకున్నాక తడి జుట్టు బిగించి జడేసుకుని పడుకుంటావా, పొద్దున విప్పితే వంకీలు తిరిగి ఉంటుందా, సాయంత్రానికి మళ్ళీ మామూలైపోయిద్దా? ఇదీ అంతే." అది కాసేపు ఆలోచించి, "షటిల్ ఆడేటప్పుడు అద్దాలు ఎగిరి పడవుగా?" అంది. "అసలుండవు" అన్నాను. "అయితే సరే" అంది. ఒప్పుకోవాల్సిన మనిషి ఒప్పుకుంది. తక్కినవాళ్ళతోనే వచ్చింది తంటా.

మా ఆయన మెత్తని మనిషి. మెత్తగానే అడ్డం పడతాడు. "ఇప్పుడెందుకే ఈ రిస్కు? పెద్దయ్యాక లేజర్ చేయిద్దాం, రెండు రోజుల్లో అద్దాలు పోతాయి" అన్నాడు.

"లేజర్ ముందున్న పొర చెక్కుతుందండీ. వెనక పల్చబడ్డది ఎవరు అతుకుతారు? నాకు అతికారా?"

"నీకొచ్చిందని దానికీ రావాలని ఉందా?"

"రాకూడదని ఉంది. ఇంకేం లేదు నాకు."

మా అత్తగారైతే మెత్తగా గిత్తగా ఏమీ లేదు. "నిద్రపోయే పసిదాని కళ్ళల్లో గాజుపెంకులు పెడతావా? నువ్వు తల్లివా?" అని నేరుగానే అడిగింది. గాజు కాదండీ అంటే, ఏదైతేనేం, కంట్లో నలుసు పడితేనే తీసేదాకా నిద్ర పట్టదు, నువ్వు నలుసు పెట్టి మరీ పడుకోబెడతానంటున్నావు అంది. ఆవిడ దగ్గర వైద్యాలకి కొదవ లేదు. క్యారెట్టు, కలబంద, పొద్దుటి ఎండ, బొడ్డులో ఆముదం చుక్క. ఆ ఆముదం వాట్సాప్‌లో వచ్చిందట. పొన్నగంటి కూర సరేసరి. పొన్నగంటి కూరకి కంటిని కుదించే శక్తే ఉంటే, నేను తిన్నదానికి నా కన్ను ఈపాటికి ఆవగింజంత అయ్యేదన్నాను. ఆ పూట కూడా ఆవిడ పొన్నగంటి కూరే వండింది.

మా ఆయన అక్క, నాకు వదిన, గుణదలలో ఉంటుంది. ఈ వార్త ఆవిడ చెవిన పడ్డాక రోజూ ఫోనే. "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం అన్నారు పెద్దలు" అని మొదలుపెట్టేది. "అందుకేగా వదినా ఇంత పడుతున్నాను" అనేదాన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు, మా ఇంటి కత్తిపీటలన్నీ గోక్కుంటూనే ఉన్నాయి.

చేసేదేమీ లేక నేను పడకగది తలుపేసుకున్నాను. తొమ్మిదింటికి పిల్లా నేనూ లోపలికెళ్ళి గడియ పెట్టుకునేవాళ్ళం. సబ్బుతో చేతులు కడుక్కోవడం, పీచు అంటని గుడ్డతో తడి లేకుండా తుడుచుకోవడం, మంచం మీద తువ్వాలు పరవడం, అద్దం నిలబెట్టడం. మొదటి రోజున అది గంటసేపు ఏడ్చింది. కంటిరెప్ప నా వేళ్ళ కింద చేపపిల్లలా కొట్టుకుంది. లోపలికి వెళ్ళాక కూడా గుచ్చుకుంటోందని ఏడుపు. బయట నుంచి మా అత్తగారు, "వినపడతంది, వినపడతంది" అంటూ తలుపు ముందు తిరుగుతూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది. ఏడిస్తే చెయ్యి వణుకుతుందని ఆపుకున్నాను.

కొన్నాళ్ళకి అలవాటు పడింది. ఒకరోజు పొద్దున్నే లెన్సులు తీసేసి బాల్కనీలోకి వెళ్ళింది. అద్దాలు లోపల బల్ల మీదే ఉన్నాయి. "అమ్మా, ఎదురింటాళ్ళ డాబా మీద ఆరేసిన చీర ఉందే, దాని అంచులో అన్నీ మామిడిపిందెలు, పిందెకీ పిందెకీ మధ్య ఒక చుక్క" అంది. నేను అద్దాలు సర్దుకుని చూశాను. నాకు అంచు కనపడింది కానీ చుక్కలు కనపడలేదు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. లోపలికెళ్ళి మా ఆయన్ని నిద్రలేపి మరీ చెప్పాను. ఆయన లేచి వచ్చి, దాన్ని నాలుగు బోర్డులు చదవమని చదివించి, వెళ్ళి కాఫీ పెట్టాడు.

మా వదిన గృహప్రవేశానికి వెళితే అక్కడ ఇంకో రకం బాధ. అద్దాలు లేని పిల్లని చూసి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఎంత కళగా ఉంది, ఇన్నాళ్ళూ ఆ అద్దాల కింద మొహమే కనపడలేదు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది ఉండదు అని తలా ఒక మాట. ఆరో తరగతి పిల్లకి. రాత్రి లెన్సులని నెల కిందట నన్ను తిట్టిపోసిన వదినే వాళ్ళందరికీ వివరించి చెబుతోంది. "మా మరదలు పైకి అట్టా అంటది గానీ పిల్ల అందంగా కనపడాలని మనసులో దానికీ ఉంది" అని నవ్వింది కూడా.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. "వదినా, నా కూతురు రేపు సోడాబుడ్డి అద్దాలేసుకుని పీటల మీద కూర్చున్నా నాకు పరువే. దాని మొహం కోసం చెయ్యలేదు నేను, దాని కంటి వెనక గోడ కోసం చేశాను. ఆ గోడ మీకెవరికీ కనపడదు గనక మాట్లాడకండి" అన్నాను. నా గొంతు కాస్త గట్టిదే, క్లాసులో వెనక బెంచీ దాకా వినపడేలా సాధన చేసింది. పంతిలో వడ్డించేవాళ్ళు కూడా ఆగారు. ఎవరో పులిహోర అడిగితే మళ్ళీ కదిలారు.

అట్లా నడుస్తుండగా పిల్లకి జలుబు చేసి జ్వరం వచ్చింది. ఒంట్లో బాగాలేని రోజుల్లో లెన్సులు పెట్టకూడదని డాక్టరమ్మ నియమం. వాటిని డబ్బీలో మందునీళ్ళలో వదిలేశాను. జ్వరం తగ్గాక తీసి మామూలుగా పెట్టాం. పెట్టిన మర్నాడో ఆ మర్నాడో, పొద్దున్నే అది మంచం మీద కూర్చుని కుడి కన్ను అరచేత్తో మూసుకుంది. "అమ్మా, లైటెయ్యకు" అంది. చెయ్యి తీయించి చూస్తే కన్ను గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉంది. నీళ్ళు ధారగా కారుతున్నాయి.

స్కూలుకి ఫోన్ చేసి చెప్పానో లేదో కూడా గుర్తులేదు. ఆటో ఎక్కి పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని, కొంగు దాని మొహాన కప్పి కూర్చున్నాను. డాక్టరమ్మ మిషను ముందు కూర్చోబెట్టి చూసింది. నల్లగుడ్డు అంచున చిన్న తెల్లచుక్క ఉందంది. "ఇన్ఫెక్షన్. తొందరగా తెచ్చారు, నడిమధ్యన లేదు, అదృష్టం" అంది. తర్వాత నన్ను చూసి, "నీళ్ళు తగిలాయా?" అని అడిగింది.

"తగల్లేదండీ" అన్నాను.

"బాగా గుర్తు తెచ్చుకోండి."

"నా పిల్ల మీద ఒట్టండీ, చుక్క తగల్లేదు."

గంటగంటకీ చుక్కలు వేయాలి. లెన్సులు పారేయమంది, డబ్బీతో సహా. కన్ను పూర్తిగా మానిందని తను చెప్పేదాకా అద్దాలే. వారం పైగా నేను సెలవు పెట్టి అలారం పెట్టుకుని చుక్కలు వేశాను. ప్రతిసారీ టార్చి వేసి ఆ తెల్లచుక్క పెరిగిందా తగ్గిందా అని చూసేదాన్ని. నా ఒక్క కంటితో అంత సన్నని చుక్క పోల్చుకోలేకపోయేదాన్ని. మా ఆయన్ని చూడమనేదాన్ని. ఆయన చూసి "తగ్గినట్టే ఉంది" అనేవాడు. ఆ వారం మా అత్తగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. నా మీద కోపమనుకున్నాను. అప్పుడు నాకు ఎవరి కోపాలూ పట్టలేదు.

చుక్క మానింది, చూపుకి దెబ్బ తగల్లేదు. లెన్సులు లేవు గనక పాత పవరు తిరిగొచ్చేసింది, పిల్ల మళ్ళీ అద్దాలు పెట్టుకుంది. అదుగో, అప్పుడు వచ్చింది మా వదిన, సంచీ నిండా బత్తాయిలతో, ఆదివారం పూట. హాల్లో సోఫాలో మా ఆయన పక్కన కూర్చుంది. మా అత్తగారు కాస్త ఎడంగా చాప మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. పిల్ల లోపల చదువుకుంటోంది. చదువుకుంటోందని మేం అనుకున్నాం.

"చూశావా, పవరు ఎక్కడిదక్కడే ఉంది. ఇంతోటి దానికి పిల్ల కన్ను మీదికి తెచ్చావు. నీ పంతం చల్లగుండ, పోతే ఏం చేసేదానివి?" అంది వదిన.

"పోలేదుగా."

"పోతే?"

ఆ వారమంతా నేను చుక్కచుక్కకీ అనుకున్న మాట అది. ఎవరో బత్తాయిలు పట్టుకొచ్చి నాకు నేర్పాల్సిన మాట కాదు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంక చాల్లే. అద్దాలతోనే పెరగనీ. నువ్వు పెరగలా?"

"పెరిగాను. ఎడమ కన్ను ఇచ్చి పెరిగాను."

"అది కాదు. ఎక్కడో నీ చేతిలోనే ఏదో పొరపాటు జరిగింది. అది ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయిద్ది?"

"జరగనిది ఎందుకు ఒప్పుకుంటానండీ? చేతులు కడిగాను, తుడిచాను, మందునీళ్ళే పోశాను. ఆ డబ్బీలో నీటిచుక్క పడలేదు. ఎన్నిసార్లడిగినా ఇదే చెప్తాను, కోర్టులో అడిగినా ఇదే చెప్తాను."

"నీళ్ళు నేను మార్చా" అంది మా అత్తగారు.

తలెత్తకుండా, గోంగూర తుంచుతూనే అంది. వదిన, "ఏంటమ్మా?" అంది.

మా అత్తగారిది దివిసీమ. కాలవ నీళ్ళు కాగులో పోసి, చిల్లగింజ అరగదీసి తేరగట్టుకుని తాగిన మనిషి. నీళ్ళ విషయంలో ఆవిడది ఒకటే శాస్త్రం, నిన్నటివి ఇవాళ పనికిరావు. విజయవాడ వచ్చి ఇన్నేళ్ళయినా పొద్దున్నే పంపు రాగానే ఇంట్లో బిందె, చెంబు, రాత్రి ఎవరో సగం తాగి వదిలేసిన గ్లాసు, అన్నీ కుమ్మరించి కొత్తనీళ్ళు పడుతుంది. నిలవ నీళ్ళు ఇంట్లో ఉంచిన ఆడదాన్ని ఆవిడ ఆడదాని కింద లెక్కేయదు. ఇది మా ఇంట్లో గడియారం కొట్టడం లాంటిది, వింటాం గానీ పట్టించుకోం.

"పిల్ల జ్వరంతో పడుకుంటే ఆ డబ్బీ కిటికీలో అట్టాగే ఉంది. నిన్నటియ్యి, మొన్నటియ్యి. అయ్యే తీసి పసిదాని కళ్ళల్లో పెడతాదని భయమేసింది. నువ్వు బడికి పోయాక కుమ్మరించా. బిళ్ళలు జారిపోకుండా అరచేతిలో పట్టుకున్నా. పంపులో మొదట వచ్చే నీళ్ళు వదిలేసి, తేట నీళ్ళు పట్టి, కొత్త గుడ్డలో వడగట్టి పోశా. డాక్టరు నీళ్ళన్నదని తెలిసిన కాణ్ణుంచి నాకు ముద్ద దిగట్లా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. లేచి నిలబడ్డాను. "మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారండీ? అవి నీళ్ళు కాదు, మందు. పిల్ల కన్ను పోయేది. నీళ్ళు తగలకూడదని..."

"మందని నాకెవరు చెప్పారు?" అని తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ గొంతులో లేవు. "తలుపేసుకుని పెడితివి, తలుపేసుకుని తీస్తివి. లోపల పిల్ల ఏడుస్తంటే నేను బయట గోడకి చెప్పుకున్నా. అదేంటో, ఎట్టా పెడతారో, ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో నాకేం తెలుసు?"

"చెప్తే మీరు ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. తిట్టేదాన్ని. కానీ ముట్టుకునేదాన్ని కాదు."

మా వదిన సంచీలోంచి ఒక బత్తాయి తీసి దాన్నే చూస్తూ కూర్చుంది. మా ఆయన ఒకసారి వాళ్ళమ్మ వంకా ఒకసారి నా వంకా చూసి, ఫ్యాను ఎక్కువ చేశాడు.

నేను ఆవిడ మీద ప్రేమతో కరిగిపోయానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఇష్టం. నాకు కోపం తగ్గలేదు. నా పిల్ల కంట్లో మచ్చ వేసిన చెయ్యి అది. కానీ ఆ మాటలో తప్పు పట్టడానికి ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు, అదింకా కోపం.

"అయినా నేను ఆపను" అన్నాను. "డాక్టరమ్మ సరేనన్న రోజున కొత్తవి పెడతాను."

"పెట్టుకో. నేను మాత్రం ఒప్పుకోను."

"ఒప్పుకోకండి. ఈసారి ఇక్కడే పెడతాను, ఈ హాల్లో, మీ కళ్ళ ముందు. ఏది మందో, ఏది డబ్బీనో అన్నీ చూపిస్తాను. చూసి తిట్టండి."

"తిడతా" అంది, మళ్ళీ గోంగూర అందుకుంటూ.

లోపల నుంచి పిల్ల గొంతు వినపడింది. "నన్నెవరూ అడగరా?" అంది. వచ్చి గుమ్మంలో నిలబడింది, అద్దాలు ముక్కు మీదికి జారిపోయి. "నాకు కావాలి. కానీ ఈసారి నేనే పెట్టుకుంటా. అమ్మ చెయ్యి బరువు" అంది. దాని చెయ్యి దానిది, దాని కన్ను దానిది. నేను సరేనన్నాను.

కన్ను పూర్తిగా మానిందని డాక్టరమ్మ రాసిచ్చాక, మళ్ళీ కొలతలు తీసి కొత్త లెన్సులు చేయించింది. వాటిని తెచ్చిన రోజున రాత్రి భోజనాలయ్యాక నేను హాల్లో బల్ల తుడిచి తువ్వాలు పరిచాను. ట్యూబులైటు వేశాను. వీధి తలుపు కూడా తీసే ఉంచాను, ఎదురింటాళ్ళు చూస్తే చూడనీ అని. సీసాలు ఒక్కొక్కటీ ఎత్తి మా అత్తగారికి చూపించాను. ఇది కడిగేది, ఇది నానబెట్టేది, ఈ రెంటిలో దేన్లోనూ కుళాయి నీళ్ళు లేవు అని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ వింది. రెండో సీసా పట్టుకుని వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మాటిచ్చినట్టే మొదలుపెట్టింది.

మా వంశంలో ఎవరైనా ఇట్టాంటి పని చేశారా అంది. చదువుకున్నవాళ్ళకి భయం లేకుండా పోయిందంది. కళ్ళల్లో సామాన్లు పెట్టుకుని నిద్రపోయే కాలం వచ్చిందంది. నేను పుట్టింటి నుంచి తెచ్చిన మొండితనం దాకా వచ్చింది. నేను వింటూ డబ్బీ మూత తీశాను. పిల్ల చేతులు కడుక్కొచ్చి, తుడుచుకుని, అద్దం ముందు కూర్చుంది. వేలి కొస మీద లెన్సు నిలబెట్టి, రెండో చేత్తో రెప్ప ఎత్తి పట్టుకుంది. వేలు కంటి దగ్గరకొచ్చి ఆగింది.

"నానమ్మా, కాస్త ఆగు. రెప్ప కొట్టుకుంటంది" అంది.

మా అత్తగారు మాట మధ్యలో ఆపేసింది. పిల్ల వేలు ముందుకి జరిగింది, లెన్సు కూర్చుంది. రెండో కన్ను కూడా అయింది. అది కళ్ళు మూసి తెరిచి, తల వెనక్కి వాల్చింది.

"పడ్డాయా?" అంది మా అత్తగారు.

"పడ్డాయి నానమ్మా."

"నెప్పుందా?"

"లేదు."

ఆవిడ పమిట సర్దుకుని నా వైపు తిరిగింది. "నేను ఎక్కడిదాకా వచ్చా?" అని అడిగింది.

"నా మొండితనం దాకా వచ్చారండీ" అన్నాను.

"ఆఁ" అని, అక్కణ్ణుంచి మళ్ళీ అందుకుంది.